ఏ కలా లేనివాడు ఉద్యోగం మీద విరక్తి పెంచుకునే కథ తెర మీద ఉందా?

విభాగం: సినిమాలు, సిరీస్‌లు

నడిమింటి_శ్రీను | శనివారం, రాత్రి 11:42

అందరికీ నమస్తే. ఇక్కడ చదవడమే గానీ రాయడం తక్కువ. ఒక సందేహం చాలా రోజులుగా బుర్ర తొలిచేస్తోంది.

మన సినిమాల్లో ఉద్యోగం మీద మనసు విరిగిన ప్రతివాడికీ వెనక ఏదో ఒకటి సిద్ధంగా ఉంటుంది. ‘పెళ్ళిచూపులు’లో వాడికి వంట. ‘జెర్సీ’లో అర్జున్‌కి బ్యాట్. ‘ఈ నగరానికి ఏమైంది’లో కుర్రాళ్లకి కెమెరా. ‘ఎవడే సుబ్రహ్మణ్యం’లో అవేవీ లేకపోయినా చనిపోయిన స్నేహితుడి చితాభస్మం ఉంది, అది పట్టుకుని దూద్ కాశీ దాకా నడుస్తాడు. నడవగానే మనిషి మారిపోతాడు.

నా సంగతి చెప్తాను. సపోర్ట్ ప్రాజెక్టు, టీమ్ లీడ్, నలభైకి దగ్గర. జీతం బాగానే వస్తుంది, ఎవరూ తిట్టడం లేదు. కానీ పొద్దున్నే ల్యాప్‌టాప్ తెరిస్తే ఒళ్లంతా బరువు. మానేసి ఏం చేస్తావురా అని నన్ను నేను అడిగితే జవాబు సున్నా. పాడటం రాదు, బొమ్మలు రావు, పొలం లేదు. చిన్నప్పుడు నీకేం ఇష్టం అని మా ఆవిడ సీరియస్‌గా అడిగింది. ఆలోచించి ఆలోచించి “మధ్యాహ్నం నిద్ర” అన్నాను.

నాలాంటివాడి కథ ఎవరైనా తీశారా? సినిమా గానీ సిరీస్ గానీ, ఏ భాషైనా ఫర్వాలేదు. దయచేసి “ముందు మీ పాషన్ ఏంటో కనుక్కోండి” అని మాత్రం రాయకండి. ఆ మాట మా హెచ్ఆర్ వాళ్లు ప్రతి మూడు నెలలకీ చెప్తున్నారు.

మూడోషిఫ్ట్ | శనివారం, రాత్రి 11:58

మధ్యాహ్నం నిద్రే పాషన్ అయితే నా షిఫ్టుకి వచ్చేయండి బాస్, రోజూ అదే పని.

కాజీపేట_జంక్షన్ | ఆదివారం, ఉదయం 7:15

శీనన్నా, నువ్వడిగింది మంచిగున్నది గని ఒక మాట. “ఉద్యోగం మీద విరక్తి” అనాలంటే ముందుగాల ఉద్యోగం ఉండాలె గద. మా రూమ్‌ల నలుగురం ఉంటం, గ్రూప్స్‌కు చదువుతున్నం. మాకు నౌకరి రాకముందుకే విరక్తి వచ్చింది.

నువ్వు ‘ఆకలి రాజ్యం’ ఎందుకు లెక్కల వెయ్యలే? 1981ల వచ్చింది. బాలచందర్ సినిమా, కమల్ హాసన్, శ్రీదేవి. అండ్ల హీరో రంగాకు నువ్వనే ‘కల’ ఏమన్న ఉన్నదా? సంగీతం తండ్రిది, కొడుకుది కాదు. కొడుక్కు ఉన్నదల్ల నోరు, ఆత్మాభిమానం. ఢిల్లీల నౌకరి కోసం తిరుగుతడు, ఇంటర్వ్యూకు పోయినకాడ ఊకుండడు, బయటికొస్తడు. గంతే. నేనింత గొప్ప కళాకారుణ్ణి, లోకం నన్ను గుర్తిస్తలేదు అన్న ఏడుపు ఎక్కడ ఉండదు.

అండ్ల ఒక సీన్ ఉంటది. ఇంట్ల గింజ బియ్యం లేదు, అమ్మాయి ముంగట పరువు పోవద్దని లోపల కూసోని దోస్తులు ఉత్త గిన్నెలతోని తింటున్నట్టు సప్పుడు జేస్తరు. మా రూమ్‌ల ఆ సీన్ సూసి నవ్విన మొదటోణ్ణి నేనే, మధ్యల నవ్వు ఆపింది గూడ నేనే. ఆకరికి రంగా సెలూన్ల కత్తెర పట్టుకుంటడు. గది వాని ‘పాషన్’ కాదన్నా. చేతికి దొరికిన పని. తండ్రి వచ్చి సూసినప్పుడు వాని మొకంల సిగ్గుండదు. నాకైతే గదే కావాలె సినిమాల.

ఎడిటింగ్_టేబుల్ | ఆదివారం, ఉదయం 10:31

కాజీపేట తమ్ముడు మంచి సినిమా పట్టుకున్నాడు. తమిళంలో అది అంతకు కొద్ది నెలల ముందే, 1980లో వచ్చింది. అక్కడ హీరో నోట సుబ్రహ్మణ్య భారతి కవిత్వం, మన దగ్గర శ్రీశ్రీ. కథ అదే అయినా మనవాళ్లకి అది మన సినిమాలా అనిపించడానికి సగం కారణం ఆ కవిత్వమే అంటాను.

శ్రీను గారి ప్రశ్నకి నా వృత్తి వైపు నుంచి జవాబు. నేను కథా చర్చల్లో కూర్చుంటాను. ఏ కథ చెప్పినా మొదట వచ్చే ప్రశ్న “హీరోకి ఏం కావాలి?” అని. “ఏం కావాలో వాడికే తెలీదు సార్” అన్నారనుకోండి, టీ తాగి వెళ్లిపోమంటారు. అందుకే రచయితలు వాడి చేతిలో గరిటో గిటారో పెట్టేస్తారు. పెట్టగానే విరక్తి కథ కాస్తా గెలుపు కథ అయిపోతుంది. రెండో సగమంతా “వీడు గెలుస్తాడా లేదా?” తప్ప “వీడెవడు?” అన్న ప్రశ్న మిగలదు.

ఇంకోటి. రాజీనామా సీన్ మన వాళ్లు ఎలా తీస్తారో గమనించారా? కాగితం టేబుల్ మీద కొడతాడు, ఐడీ కార్డు తీసి విసిరేస్తాడు, స్లో మోషన్‌లో అద్దం తలుపు తోసుకుని బయటికి. కట్ చేస్తే బైకు. అసలు మన హైదరాబాద్‌లో రాజీనామా అంటే తొంభై రోజుల నోటీస్ పీరియడ్. నీ సీట్లోకి వచ్చేవాడికి నువ్వే కూర్చోబెట్టి పని నేర్పాలి. క్యాంటీన్లో అందరూ “ఎక్కడికి బ్రో?” అంటారు, జవాబు ఉండదు. చివరి రోజు ల్యాప్‌టాప్, ఛార్జర్, బ్యాగు అప్పజెప్పి సంతకం పెట్టాలి. మనిషి తను ఎవరో వెతుక్కునేది ఆ తొంభై రోజుల్లోనే. అది తీసినవాడు నాకు ఇంతవరకూ కనబడలేదు. తీద్దామని రెండు చోట్ల చెప్పి చూశాను, “ఇందులో పాటలెక్కడ పెడతావ్?” అన్నారు.

మూడోషిఫ్ట్ | ఆదివారం, ఉదయం 10:40

ఛార్జర్ అప్పజెప్పే దగ్గర విషాద గీతం పెట్టొచ్చు. మా వాడొకడికి వైరు తెగిందని సెటిల్‌మెంట్‌లో కోశారు.

సీమ_పెద్దోడు | ఆదివారం, మధ్యాహ్నం 1:05

ఏమప్పా, అందరూ గరిటె, గిటారు అంటాండారు గానీ నాగలి మాట ఎత్తరేం? నాకు మంట పుట్టించేది అదే.

‘మహర్షి’ 2019లో వచ్చె. పెద్ద కంపెనీకి సీఈఓ, ఊరికొచ్చి రైతుల కోసం నిలబడతాడు, ఆమీట పట్నమోళ్లంతా శని ఆదివారాలు వచ్చి సేద్యం జేస్తారు. మా అనంతపురం పక్క ఈ సినిమా చూసి మా నాయన ఒగటే మాట అడిగినాడు: “ఆయప్ప బోరు ఎన్ని అడుగులు ఏసినాడు రా?” అని. వెయ్యి అడుగులు దాటి ఏసినా దుమ్ము లేసేది మా కాడ. ఉద్యోగం బోర్ కొట్టి సేద్యానికి వచ్చేటోడికి సేద్యం బోర్ కొడితే పోయేదానికి ఉద్యోగం ఉంటాది. మాకు యాడుంది?

నేను బెంగుళూరులో కొలువు చేస్తాండా. అది నాకు నచ్చదు. అయినా మా నాయనను అడిగితే “నువ్వు ఆడే ఉండు, ఈడికి రావద్దు” అంటాడు. ఆయనకి ఆయన పని మీద విరక్తి, నాకు నా పని మీద. శీనన్న అడిగే సినిమా మా ఇంట్లో తీస్తే ఇద్దరు హీరోలు సరిపోతారు.

కాజీపేట_జంక్షన్ | ఆదివారం, మధ్యాహ్నం 1:22

సీమన్నా, జాతీయ అవార్డులల్ల ఆ ఏడు ‘మహర్షి’కి వినోదాత్మక చిత్రం అవార్డు, ‘జెర్సీ’కి ఉత్తమ తెలుగు చిత్రం. ఒకటేమో నౌకరి ఇడిచి గెలిచినోని కథ, ఇంకోటి ఇడిచి ఓడినోని కథ. గవర్నమెంటు రెండిటికి దండ వేసింది.

సుభద్ర_టీచర్ | ఆదివారం, సాయంత్రం 5:48

పిల్లలూ, మీ అందరి మాటలూ చదివాను. రాజమండ్రిలో ముప్ఫై ఏళ్లు పిల్లలకి తెలుగు చెప్పి రిటైరయినదాన్ని, సినిమా పిచ్చి మాత్రం రిటైరవలేదు.

శ్రీను బాబూ, నీ ప్రశ్నకి సగం జవాబు 1988లోనే వచ్చింది. ‘స్వర్ణకమలం’. మీరందరూ “కళ ఉంది, అవకాశం లేదు” అనే కథలు చెబుతున్నారు. విశ్వనాథ్ గారు దాన్ని బోర్లా తిప్పారు. మీనాక్షికి నాట్యం వచ్చు. తండ్రి కూచిపూడి గురువు, పుట్టినప్పటి నుంచీ ఇంట్లో అదే ధ్యాస. ఆ పిల్లకి అదంటే విసుగు! హాయిగా ఏదో హోటల్లో ఉద్యోగం చేసుకుని, నాలుగు మంచి చీరలు కట్టుకుని, సినిమాలు చూస్తూ బతకాలని ఉంటుంది. ఇంట్లో దరిద్రం ఆ పిల్లకి కనబడుతోంది, తండ్రికి కనబడటం లేదు. నాట్యం వల్ల ఏం వచ్చింది నాన్నా అన్నట్టే ఉంటుంది ఆమె తీరంతా. ఆ రోజుల్లో తెర మీద ఒక ఆడపిల్ల, అదీ కథానాయిక, “నాకీ కళ వద్దు” అని చెప్పడం మామూలు విషయం కాదు.

భానుప్రియ ముఖం చూడండి ఆ సినిమాలో. నాట్యం చేస్తున్నప్పుడు కాళ్లు తప్పు చేయవు, ముఖం మాత్రం ఎక్కడో ఉంటుంది. విద్య ఉండి మనసు లేకపోవడాన్ని అభినయించడం ఎంత కష్టమో నాట్యం తెలిసినవాళ్లని అడగండి. మనసు పెట్టి ఆడటం తేలిక, మనసు లేనట్టు తాళం తప్పకుండా ఆడటం కష్టం.

మీ ఆఫీసుల్లో మీరు చేసేదీ అదే కదా. తాళం తప్పరు.

నడిమింటి_శ్రీను | ఆదివారం, రాత్రి 9:10

టీచర్ గారూ, ఆ చివరి మాట చదివి ల్యాప్‌టాప్ మూసేసి కాసేపు బాల్కనీలో తిరిగాను.

డల్లాస్_జయ | సోమవారం, తెల్లవారుజాము 4:36 (మాకు ఆదివారం సాయంత్రమే)

టీచర్ గారంటే గౌరవమే గానీ ‘స్వర్ణకమలం’ విషయంలో నాకు చిన్నప్పటి నుంచీ ఒక కోపం ఉంది, ఇవాళ కక్కేస్తాను.

మొదటి సగంలో మీనాక్షి అడిగే ప్రశ్నలన్నీ న్యాయమైనవి. ఈ విద్యకి తిండి పెట్టే శక్తి లేనప్పుడు నేనెందుకు మోయాలి? సినిమా వాటికి జవాబు చెప్పిందా? లేదు. తండ్రి పోయాడు, అపరాధ భావం వచ్చింది. పక్కింటి చంద్రశేఖర్, అతనేమో బొమ్మలు వేసుకుంటూ తనకి నచ్చిన పని తను చేసుకుంటూ, ఈ పిల్లకి ఏది నచ్చాలో నిర్ణయించాడు. తర్వాత షారన్ లోవెన్ గారు వచ్చారు, ఒడిస్సీ నేర్చుకున్న అమెరికా ఆవిడ, నిజజీవితంలోనూ ఆవిడే. ఆవిడకి ఉన్న భక్తి నీకెందుకు లేదు అన్నట్టు చూపించారు. ఆవిడ ఎంచుకుని వచ్చింది టీచర్ గారూ! మీనాక్షి ఎంచుకోలేదు. ఎంచుకోవడానికీ, నెత్తి మీద పెట్టడానికీ తేడా లేదా?

సినిమా అందంగా ఉంది, సీతారామశాస్త్రి గారి పాటలు ఇప్పటికీ కారులో అవే. అది వేరు.

ఇక ‘జెర్సీ’. మీరందరూ అర్జున్ గురించే మాట్లాడుతున్నారు. ఆ ఇంటి అద్దె ఎవరు కడుతున్నారు? సారా. హోటల్లో నిలబడి ఉద్యోగం చేసి వచ్చి, ఇంట్లో కూర్చున్న మొగుడికీ పిల్లాడికీ వండి పెట్టే మనిషి. కొడుక్కి జెర్సీ కొనాలి, ఐదు వందలు కావాలి. ఆమె పర్సులోంచి తీయబోయి ఆమె కళ్ల ముందే దొరికిపోతాడు. హాల్లో అందరూ ఆ క్షణం అతని అవమానం చూసి ఏడ్చారు. నేను ఆ పర్సు చూశాను. అందులో ఉన్న డబ్బు దేనికి దాచిందో లెక్క ఆమెకే తెలుసు. ఆమెకి పని మీద విరక్తి వస్తే? రాకూడదు. వస్తే సినిమా ఆగిపోతుంది.

నేను ఇక్కడికి హెచ్-4 మీద, అంటే భర్త వీసాతో పాటు ఇచ్చే డిపెండెంట్ వీసా మీద వచ్చాను. ఇంజినీరింగ్ చదివి, అక్కడ మంచి ఉద్యోగం మానేసి. డిపెండెంట్లు పని చేసుకోవచ్చని 2015లో రూలు మారింది, అదీ భర్త గ్రీన్ కార్డ్ దరఖాస్తు ఒక దశ దాటితేనే. మాకు ఆ దశ వచ్చేదాకా ఇంట్లో ఉన్నాను. ఎవరైనా “మీరేం చేస్తుంటారు?” అంటే ఏం చెప్పాలో తెలిసేది కాదు. ఇప్పుడు ఉద్యోగం ఉంది. ఆ ప్రశ్నకి జవాబు వచ్చింది గానీ శ్రీను గారు చెప్పే బరువు కూడా దాంతోపాటే వచ్చింది. పోయినప్పుడు అది కావాలని ఏడ్చి, వచ్చాక ఇదేనా అనుకునే మనిషి గురించి ఎవరు రాస్తారు?

సుభద్ర_టీచర్ | సోమవారం, ఉదయం 6:20

జయమ్మా, కోపం బాగుంది. చంద్రశేఖర్ విషయంలో నీతో వాదించను, అతనికి ఉచిత సలహాలు కాస్త ఎక్కువే. కానీ మీనాక్షి చివరికి అమెరికా వెళ్లకుండా విమానాశ్రయం నుంచి వెనక్కి రావడం కళ కోసం కాదని నా అభిప్రాయం. ప్రేమ కోసం. విశ్వనాథ్ గారూ అది దాచలేదు.

ఎడిటింగ్_టేబుల్ | సోమవారం, ఉదయం 11:47

జయ గారి పర్సు మాటకి చేతులెత్తి దండం. ఇక్కడే ‘జెర్సీ’ గురించి నేను ఎప్పటి నుంచో అనుకుంటున్నది చెప్తాను. చూడనివాళ్లు ఈ పోస్టు దాటేయండి, ముగింపు చెప్పేస్తున్నాను.

రెండు గంటల పాటు అర్జున్ మనకి ఎవరు? రంజీలో బ్రహ్మాండంగా ఆడి, ఇండియా టీమ్‌లో చోటు రాక, కోపంతో ఆట మానేసినవాడు. 1986లో మానేశాడు, 1996లో ఉద్యోగం సస్పెన్షన్‌లో ఉంది, వయసు ముప్ఫై ఆరు. అంటే తను వదిలేసిన దానికి తనే బాధ్యుడు. అది చాలా గొప్ప పాత్ర. మనలో చాలామంది అదే చేశాం, ఒక తిరస్కారం తట్టుకోలేక పక్కకి జరిగిపోయాం, తర్వాత దానికి కారణాలు అల్లుకున్నాం.

చివర్లో తెలుస్తుంది, అతను మానేసింది గుండె జబ్బు వల్ల అని. ఆడితే ప్రాణానికి ప్రమాదం. థియేటర్లో ఏడవని మనిషి లేడు, నేనూ ఏడ్చాను. ఇంటికొచ్చాక మాత్రం వెలితిగా అనిపించింది. ఆ ఒక్క మలుపుతో ఓడిపోయిన మనిషి కాస్తా త్యాగమూర్తి అయిపోయాడు. పదేళ్ల బద్ధకం, అహం, భార్య మీద ఆధారపడటం, అన్నిటికీ మాఫీ పత్రం దొరికింది. మామూలుగా ఓడిపోయినవాణ్ణి మన తెర భరించలేదు. వాడికి ఏదో ఒక వైద్య కారణం చూపించాలి.

కత్తిరింపు మాత్రం అద్భుతం. నవీన్ నూలికి జాతీయ అవార్డు ఊరికే రాలేదు. ఆ రైల్వే స్టేషన్ సీన్, సెలెక్టయ్యాక ప్లాట్‌ఫారం మీద నిలబడి రైలు దూసుకుపోతుంటే అరుస్తాడు చూడండి, ఆ అరుపు మనకి సరిగా వినిపించనివ్వరు. రైలు చప్పుడే తినేస్తుంది. ఇంట్లో చెప్పుకోలేనివాడు అరవడానికి చోటు వెతుక్కున్నాడన్నది ఒక్క డైలాగు లేకుండా తెలుస్తుంది.

నడిమింటి_శ్రీను | సోమవారం, మధ్యాహ్నం 2:15 (మీటింగ్‌లో ఉన్నాను, కెమెరా ఆఫ్)

ఎడిటింగ్ గారూ, మాఫీ పత్రం విషయంలో నేను ఒప్పుకోను. జబ్బు ఉందని భార్యకి చెప్పుంటే ఆమె కనీసం పదేళ్లు అతన్ని వేరే రకంగా చూసేది కదా. చెప్పలేదు. తనని చేతకానివాడు అనుకున్నా ఫర్వాలేదు, రోగి అనుకోకూడదు అనుకున్నాడు. అది త్యాగం కాదు, పక్కా మగ అహంకారం. ఆ లెక్కన పాత్ర ఇంకా క్లిష్టమైంది.

డల్లాస్_జయ | సోమవారం, సాయంత్రం 6:02

ఇది బాగా చెప్పారు శ్రీను గారూ. కానీ సినిమాకి ఆ సంగతి తెలుసా? చివర్లో స్టేడియం, చప్పట్లు, కొడుకు గర్వం. సారాకి కోపం తెచ్చుకోవడానికి ఒక్క నిమిషం కూడా ఇవ్వలేదు.

సీమ_పెద్దోడు | సోమవారం, రాత్రి 8:30

అందరూ ఏడ్చే సినిమాలే చెప్తాండారు. జెమినీలో ‘అమృతం’ వచ్చేది, 2001 నుంచి 2007 దాకా. అమృతం, ఆంజనేయులు హోటలు పెడతారు, నడవదు. ఇంకో ఐడియా ఏస్తారు, బోల్తా పడతాది. ఇంటి ఓనరు అప్పాజీ ఎప్పుడూ నెత్తి మీదే. మళ్లా వారం అదే అమృత విలాస్, అదే సర్వం. ఒగ వారమన్నా ఈయప్పలు “నేనెవరు” అని అడిగినారా? నాకు తెలిసి మన టీవీలో వృత్తిలో ఓడిపోవడం గురించి ఇంత నిజంగా తీసింది ఇంకోటి లేదు.

మూడోషిఫ్ట్ | సోమవారం, రాత్రి 8:41

సర్వానికి జీతం ఎవరిస్తారన్నది తెలుగు టీవీ చరిత్రలో తేలని కేసు.

కాజీపేట_జంక్షన్ | మంగళవారం, ఉదయం 6:50

మా రూమ్‌ల ఒకడు కొరియా సీరియల్లు సూస్తడు, వాడు చెప్పంగ ‘మిసెంగ్’ సూసిన. 2014ది, 20 ఎపిసోడ్లు. శీనన్నకు కాదు గని, నాకు అచ్చంగ కుదిరింది.

జాంగ్ గ్రె అని పిలగాడు. శిన్నప్పటిసంది ‘గో’ అనే బోర్డు ఆట నేర్సుకున్నడు, ప్రొఫెషనల్ అయితనని. కాలే. అంటే వీని పాషన్ సినిమా మొదలుగాకముందే సచ్చిపోయింది! అసలు కథ గాడికెల్లి మొదలైతది. డిగ్రీ లేదు, ఇంగ్లీషు రాదు, ఎవరో చెప్తే ఒక పెద్ద ట్రేడింగ్ కంపెనీల ఇంటర్న్‌గ జేరుతడు. జిరాక్స్ తియ్యరాదు, ఫోనెత్తితే ఏం మాట్లాడాల్నో తెల్వదు. అందరు రికమెండేషన్‌గాడు అని సూస్తరు. మనోడు ఉద్యోగం ఇడిచిపెట్టుడు కాదు, ఉండనిస్తె సాలని మొక్కుతుంటడు.

రెండేండ్ల కాంట్రాక్టు. పనంత నేర్సుకుంటడు, టీమ్‌ల అందరు మెచ్చుకుంటరు. మన సినిమా అయితే ఆకరికి రెగ్యులర్ జేసి బ్యాండు కొట్టిస్తరు. గండ్ల జెయ్యరు. రూలు రూలే. మా అక్క కాంట్రాక్టు మీద పనిజేస్తది, ఏ ఆఫీసో అడగకుండ్రి. ప్రతి మార్చిల మా ఇంట్ల అదే ముచ్చట, రెన్యువల్ అయితదా కాదా. ఆ ఎపిసోడ్ అక్కకు సూపించలే.

నిర్వాహకుడు | మంగళవారం, ఉదయం 9:00

‘మహర్షి’ వసూళ్ల మీద, అభిమాన సంఘాల మీద వచ్చిన పోస్టులు తీసేశాను. ఆ గొడవకి వేరే చోటు ఉంది, అక్కడ కొట్టుకోండి.

మూడోషిఫ్ట్ | బుధవారం, తెల్లవారుజాము 5:20

ఇప్పుడే లాగవుట్ అయ్యా. జోకులు పక్కన పెట్టి ఒక్కసారి సీరియస్‌గా రాస్తున్నా, అలవాటు లేదు, సర్దుకోండి.

శ్రీను అన్నా, నువ్వు అడిగింది ఉంది. ‘మై లిబరేషన్ నోట్స్’. 2022, కొరియాదే, 16 ఎపిసోడ్లు. రాసింది పార్క్ హే-యంగ్, ‘మై మిస్టర్’ రాసినావిడే. సియోల్‌కి దూరంగా ఒక పల్లెటూళ్లో ఉండే అన్న, అక్క, చెల్లి. రోజూ గంటలకి గంటలు ప్రయాణం చేసి ఆఫీసుకి వెళ్తారు, రాత్రి ఆఖరి బండి లెక్కలు వేసుకుంటూ తిరిగొస్తారు. ఘట్‌కేసర్ నుంచి గచ్చిబౌలి వచ్చేవాళ్లకి వివరించక్కర్లేదు.

ముగ్గురిలో ఎవరికీ ఏ కలా లేదు. ఒట్టు. అన్నకి కారు కొనాలని ఉంది, అంతకు మించి పెద్ద ఆశయం లేదు. చెల్లెలు మీ-జాంగ్ కార్డుల కంపెనీలో కాంట్రాక్ట్ డిజైనర్. ఆమె చేసిన పని మీద టీమ్ లీడర్ ఎర్ర గీతలు గీసి పంపుతాడు, ఈమె మాట్లాడకుండా మళ్లీ చేస్తుంది. గొడవ లేదు, కన్నీళ్లు లేవు. “నాకు ఏమీ జరగలేదు, అయినా అలిసిపోయాను” అన్నది ముఖంలో కనపడుతుంది.

ఆఫీసులో అందరూ ఏదో ఒక క్లబ్బులో చేరాలని ఒత్తిడి. బౌలింగ్ అనీ అదనీ ఇదనీ. మన ఫన్ ఫ్రైడే బాపతు. ఏ క్లబ్బులోనూ చేరని ముగ్గురిని పిలిచి మీ సమస్య ఏంటని అడుగుతారు. ఆ ముగ్గురూ విసిగిపోయి సొంత క్లబ్బు పెట్టుకుంటారు, విముక్తి క్లబ్బు. ఎదురెదురుగా కూర్చోరు, ముగ్గురూ ఒకే వైపు చూస్తూ వరసగా కూర్చుంటారు. ఆనందంగా ఉన్నట్టు నటించకూడదు, బాధలో ఉన్నట్టూ నటించకూడదు, తమని తాము నిజాయితీగా చూసుకోవాలి. తర్వాత ఇంకో రెండు కలుపుతారు: సలహా ఇవ్వకూడదు, ఓదార్చకూడదు. ఆ రూలు ఈ వేదికకి పెడితే సాయంత్రానికి సర్వర్ ఖాళీ.

సీమ అన్నకి ఒక బోనస్. వాళ్ల నాన్న సింకులు తయారు చేస్తాడు, పొలం కూడా ఉంది. శని ఆదివారాలు పిల్లలు ముగ్గురూ పొలంలోకి దిగాల్సిందే. ఎండలో ఉల్లికాడలు పీకుతారు, ఒక్కడి ముఖంలోనూ చిరునవ్వు ఉండదు. వీకెండ్ ఫార్మింగ్ అంటే అదీ.

నేను ఇది చూసింది ఒక పాడు టైంలో. ఎందుకు బాగుందో చెప్పలేను. ఏమీ తేల్చకపోవడమే బాగుంది.

సీమ_పెద్దోడు | బుధవారం, ఉదయం 8:12

ఉల్లికాడలు పీకేటప్పుడు నవ్వే మనిషిని నేనింతవరకూ చూల్యా. ఈ సీరియల్ చూస్తా.

ఎడిటింగ్_టేబుల్ | బుధవారం, ఉదయం 10:55

చూశాను అది. నేను చెప్పిన “హీరోకి ఏం కావాలి?” ప్రశ్నకి ఆ రచయిత్రి తెలివిగా పక్కదారి పట్టింది. వాళ్లకి కావలసింది వాళ్లకి తెలీదు, కానీ వాళ్లని ఏది అలసిపోయేలా చేస్తోందో ఆవిడకి క్షుణ్ణంగా తెలుసు. ప్రయాణం, భోజనం, పొలం, ఆఫీసు, ఇవే మళ్లీ మళ్లీ చూపిస్తుంది. ఆ ఇంట్లో భోజనాల సీన్లు చూడండి, ఎవరూ మాట్లాడరు, గిన్నెల చప్పుడే. ‘ఆకలి రాజ్యం’లో అన్నం లేకుండా చప్పుడు, ఇక్కడ అన్నం ఉండి మాట లేదు. పదహారు గంటల సిరీస్‌లో అది చెల్లుతుంది. రెండున్నర గంటల సినిమాలో ఇంటర్వెల్ దాకా హీరో ఊరికే అలిసిపోతూ కూర్చుంటే మన హాల్లో కుర్చీలు మిగలవు. తెలుగులో ఇలాంటిది వస్తే ఓటీటీలోనే రావాలి. వచ్చిన వాటిలో ‘మిడిల్ క్లాస్ మెలొడీస్’ (2020) కొంత దగ్గరికి వెళ్లింది, గుంటూరు గాలి, తండ్రి తిట్లు, హోటల్లో జనం రాని పొద్దులు, అన్నీ నిజంగా ఉన్నాయి. అయినా వాడి చేతిలోనూ బొంబాయి చట్నీ ఉంది!

సుభద్ర_టీచర్ | బుధవారం, సాయంత్రం 4:30

ఎవరూ ‘సాగర సంగమం’ ఎత్తలేదేమిటి? బాలుకి మూడు రకాల నాట్యం వచ్చు, జీవితం కలిసిరాలేదు. తాగుడులో పడి, పత్రికలో విమర్శలు రాసుకుంటూ మిగిలాడు. మీరు “కళ ఉన్నవాడి కథ” అని పక్కన పెట్టేస్తారని తెలుసు. కానీ ఆ సినిమా మొదట్లో బాలు స్టేజీ మీద గొప్పవాడు కాడు, కుర్చీలో కూర్చుని ఎదుటివాళ్లలో తప్పులు పట్టే చేదు మనిషి. నిరాశ పడ్డవాడు ఎంత పుల్లవిరుపుగా తయారవుతాడో దాచకుండా చూపించారు. 1983లో మా స్టాఫ్ రూంలో ఇద్దరు బాలులు ఉండేవారు, నాట్యం రాకపోయినా.

డల్లాస్_జయ | గురువారం, తెల్లవారుజాము 3:50

ఇద్దరు బాలులు! మా ఆఫీసులో ఒక ఫ్లోరంతా వాళ్లే.

నడిమింటి_శ్రీను | ఆదివారం, రాత్రి 10:20

‘మై లిబరేషన్ నోట్స్’ సగానికి వచ్చాను. మా ఆవిడ పక్కన కూర్చుని ఫోన్ చూసుకుంటూ మొదలుపెట్టింది, ఇప్పుడు నేను లేకుండా చూడొద్దంటోంది.

ఒక్కటి నచ్చలేదు. ఆ ఊళ్లో మాట్లాడని తాగుబోతు మనిషి ఒకడు, మిస్టర్ గు, వాడి చుట్టూ ఏదో రహస్యం. వాడు తెర మీదకి రాగానే నాకు అనుమానం వచ్చేస్తుంది, ఇక కథ మామూలు మనుషుల్ని వదిలేసి వీడి వెంట పోతుందేమోనని. మీ-జాంగ్ ఎర్ర గీతలు సరిదిద్దుకునే సీన్లు ఇంకా కావాలి నాకు. మా ఆవిడ ఒప్పుకోవడం లేదు. “గు లేకపోతే ఆ పిల్ల నోరే విప్పదు, నువ్వు నోరు విప్పడానికి ఈ ఫోరం కావాల్సి వచ్చింది కదా” అంది. దీని మీద ఇంట్లో చర్చ నడుస్తోంది.

అన్న పాత్ర మాత్రం నేనే. కారు లేకపోవడం వల్లే తన జీవితం ఇలా ఉందని వాడు వాదించేటప్పుడు మా ఆవిడ నా వైపు చూడటం మొదలుపెట్టింది. నా దగ్గర కారుంది. అదే కదా బాధ.

మూడోషిఫ్ట్ | ఆదివారం, రాత్రి 10:31

వదిన గారికి ఇక్కడ అకౌంటు తెరవండి అన్నా, మీకంటే బాగా రాస్తారు. గు సంగతి రెండో సగంలో మాట్లాడదాం, ఇప్పుడు చెప్తే తిడతారు.

సుభద్ర_టీచర్ | సోమవారం, ఉదయం 7:05

నేనూ మొదలుపెట్టాను, మనవరాలు పెట్టి ఇచ్చింది. ఆ కింద వచ్చే అక్షరాలు చదివేలోగా మారిపోతున్నాయి. పెద్దవిగా చేసుకునే మార్గం ఏమైనా ఉందా?

మూడోషిఫ్ట్ | సోమవారం, ఉదయం 7:09

ఉంది మేడమ్. కంప్యూటర్లో మీ ఖాతా సెట్టింగ్స్‌లోకి వెళ్తే సబ్‌టైటిల్ రూపం అని ఉంటుంది, అక్కడ సైజు పెద్దది ఎంచుకోండి. టీవీలో కూడా అదే వస్తుంది. మీ మనవరాలికి ఫోన్ ఇవ్వండి, కావాలంటే నేను చెప్తాను.